గ్రీకు వీరగాథలు – పేదరాశి పెద్దమ్మ కథలు

రాత్రివేళ పిల్లలు చుట్టును జేరగా అవ్వ కథ చెప్పుట అనేక దేశములందు గల యాచారమే. "అనగా అనగా ఒక రాజు" అని తెలుగు అవ్వ ప్రారంభించును. ఆ రాజునకు పేరుండదు. ఆ రాజ్య మెచ్చట నున్నదో యెవరు నడుగరు. రాజకుమారుడు ఇల్లు విడిచి బయలుదేరును. దారిలో పేదరాశి పెద్దమ్మ యింట బస చేయును. ఆమె వలన రాక్షసుని గుట్టు తెలిసికొనును. వానిని జంపి రాజకన్యను బెండ్లాడును. అంతటితో కథ కంచికి బోవును, పిల్లలు నిద్రకు బోవుదురు.

ఇట్టి కథలనే ప్రాచీన కాలమున గ్రీకులును జెప్పుకొనిరి. కాని వారి కథలలోని వీరునకు పేరు కలదు, తల్లిదండ్రులు కలరు, స్వదేశము కలదు. పెర్సియసు ఆర్గాసు రాజవంశమువాడు. ఒడిస్సియసు ఇథాకా ద్వీపమునకు రాజు. జేసను ఇయోల్కసు నగరమునకు జెందినవాడు. వీరు నిజముగా జీవించిన తమ పూర్వులే యని గ్రీకులు విశ్వసించిరి. అందుచేత వీరి చరిత్రములను పురాణగాథలనియు, పేరును ఊరును లేని వానిని జానపద కథలనియు పండితులు వ్యవహరింతురు. ఈ రెండింటి చట్రము చాలవరకు ఒక్కటియే. అయినను ఒక ముఖ్యమైన భేదము కలదు. ఆ పోలికలను, ఆ భేదమును గమనించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఆర్గాసు రాజైన అక్రీసియసునకు దానయే యను కుమార్తె యుండెను. ఆమె కొడుకు చేతిలో తాత మరణించునని దైవవాణి పలికెను. కంసుని కథ నెరిగినవారికి ఈ భయము క్రొత్తది కాదు. అక్రీసియసు కుమార్తెను కంచుగదిలో బంధించెను. అయినను దేవరాజగు జూసు వలన ఆమెకు పెర్సియసు జన్మించెను. రాజు తల్లిని బిడ్డను ఒక పెట్టెలో నుంచి సముద్రమున విడిపించెను. ఆ పెట్టె సెరిఫసు ద్వీపమునకు గొట్టుకొనిపోయి ఒక జాలరి వలలో బడెను. పిల్లవాడు అచ్చటనే పెరిగి పెద్దవాడయ్యెను. ఆ ద్వీపపు రాజు పాలిడెక్టిసు దానయేను బెండ్లాడ దలచి, అడ్డముగా నున్న కొడుకును వదిలించుకొనుటకై మెడూసా తలను దెచ్చి యిమ్మని వానిని బంపెను. మెడూసా తలవెండ్రుకలు పాములు. ఆమె ముఖమును జూచినవాడు తక్షణమే రాయి యగును.

ఇట్టి కార్యమునకు బలము మాత్రము చాలదు. ఎథీనా దేవియు హెర్మీసు దేవుడును పెర్సియసునకు దారి చూపిరి. ఆ దారిలో ముగ్గురు ముసలి యక్కచెల్లెండ్రు కలరు. వారికి ముగ్గురకును గలిపి ఒకే కన్ను, ఒకే పన్ను. వానిని వంతుల చొప్పున వాడుకొనుచుండిరి. ఆ కన్ను ఒకతె చేతినుండి మరియొకతె చేతికి మారునప్పుడు పెర్సియసు దానిని గైకొని, తనకు వలసిన రహస్యము చెప్పినగాని తిరిగి యీయ ననెను. ఆ విధముగా దారి తెలిసికొని, ఎగిరిపోవు పాదరక్షలను, కనబడకుండ జేయు టోపీని, తలను దాచుటకు సంచిని సంపాదించెను. మెరుగుపెట్టిన డాలులో మెడూసా నీడను మాత్రమే చూచుచు, ముఖమును జూడకయే తలను ఖండించెను.

పేదరాశి పెద్దమ్మ కథలతో బరిచయము గలవారు ఈ సామగ్రి నంతయు వెంటనే గుర్తింపగలరు. దారిలో రహస్యము జెప్పు ముసలమ్మ యెచ్చటను గలదు. 11వ శతాబ్దిలో సోమదేవుడు సంస్కృతమున రచించిన కథాసరిత్సాగరమున, పుత్రకుడను వాడు ఆకసమున నెగురు పాదుకలను ఉపాయముచే సంపాదించును. ఐరోపా దేశపు కథలలో ఒక్క అడుగున ఆమడల దూరము దాటించు జోళ్లు కలవు.

పెర్సియసు తిరిగి వచ్చుచుండగా, ఇథియోపియా తీరమున ఒక రాజకన్య బండకు గట్టబడి యుండుట చూచెను. ఆమె పేరు ఆండ్రోమెడా. తన చక్కదనము సముద్రకన్యల చక్కదనమును మించినదని ఆమె తల్లి కాసియోపియా గర్వముగా బలుకగా, సముద్రదేవుడు కోపించి దేశము మీదికి ఒక మహాభూతమును బంపెను. ఆ భూతమునకు రాజకుమార్తెను ఆహారముగా నిచ్చిన గాని దేశమునకు శాంతి లేదు. పెర్సియసు ఆ భూతమును జంపి, ఆమెను బెండ్లాడెను. ఏకచక్రపురమున బకాసురునకు వంతుల చొప్పున మనుష్యులను బంపుటయు, భీముడు వానిని గూల్చుటయు భారతము చదివినవారికి ఇచ్చట జ్ఞప్తికి వచ్చును.

గ్రిమ్ము సోదరులు 1812 నుండి ప్రకటించిన జర్మను కథల సంపుటమున, తరువాతి కూర్పులలో 60వదిగా నున్న "ఇద్దరు అన్నదమ్ములు" అను కథ ఈ విషయమున మిక్కిలి సన్నిహితమైనది. అందు ఏడుతలల మహాసర్పమునకు ఏటేట నొక కన్యను బలి యీయవలెను. ఒక వేటగాడు దానిని జంపి, ఏడు నాలుకలను గోసి దాచుకొనును. వాడు అలసి నిద్రించుచుండగా రాజోద్యోగి యొకడు వాని తలను నరికి, తానే సర్పమును జంపితినని చాటించును. వేటగాని వెంట నున్న జంతువులు మూలికచే వానిని బ్రతికించుకొనును. ఏడాది తరువాత, ఆ రాజోద్యోగి సర్పము తలలను జూపగా, వేటగాడు "ఈ తలలలోని నాలుక లెచ్చట?" అని యడిగి, వాని వంచనను బయలుపరచును.

ఈ నాలుకల ఉపాయము జర్మనులు క్రొత్తగా గల్పించినది కాదు. అపొలొడోరసు పేర బరగు ప్రాచీన గ్రీకు గాథాసంగ్రహమున, అఖిలీసు తండ్రియగు పీలియసు ఇట్లే చేసెనని యున్నది. వేటలో అతడు తాను గొట్టిన మృగముల నాలుకలను గోసి సంచిలో వేసికొనెను. ఇతరులు ఆ మృగములను దమవిగా జెప్పుకొని, పీలియసు వట్టి చేతులతో వచ్చినాడని నవ్వగా, అతడు సంచి విప్పి నాలుకలను జూపెను. గాథలో నొక మూల నున్న చిన్న సంఘటనము వేల సంవత్సరముల తరువాత వేరొక దేశపు అవ్వ నోట మరల వినబడుట ఆశ్చర్యకరము గదా!

ఒడిస్సియసు కథ ఇంతకంటెను విస్తృతమైనది. ట్రాయి యుద్ధమైన తరువాత ఇంటికి బోవుచు అతడు పన్నిద్దరు అనుచరులతో ఒంటికంటి రాక్షసుని గుహలో జిక్కుకొనెను. వాని పేరు పాలిఫీమసు. వాడు పూట కిద్దరు చొప్పున ఆరుగురు మనుష్యులను దినెను. గుహద్వారమునకు అడ్డముగా బెట్టిన బండ మనుష్యులు కదల్పలేనంతటిది; కావున రాక్షసుని జంపినచో తామును లోపలనే చావవలెను. ఒడిస్సియసు వానికి మద్యము పోసి, "నా పేరు ఎవడునుకాడు" అని చెప్పెను. వాడు మత్తులో బడియుండగా కాల్చిన దుంగతో కన్ను పొడిచెను. ఇరుగుపొరుగు రాక్షసులు వచ్చి, నిన్ను హింసించువా డెవ్వ డని యడుగగా, పాలిఫీమసు "ఎవడునుకాడు" అని యరచెను. వారు వెడలిపోయిరి. తెల్లవారగానే ఒడిస్సియసును మిగిలినవారును పొట్టేళ్ల పొట్టలకు గరచుకొని బయటపడిరి.

టర్కీ భాషీయుల దెదే కోర్కుతు కథలలో టెపెగోజు అను ఒంటికంటి రాక్షసుడు కలడు. బసాతు అను వీరుడు కాల్చిన యినుప చువ్వతో వాని కన్నుపొడిచి, పొట్టేలు తోలు గప్పుకొని తప్పించుకొనెను. 1815లో డీజు అను జర్మను పండితుడు ఈ కథను బ్రకటించి, హోమరు కథతో బోల్చి చూపెను. అరబ్బుల కథలలో సిందుబాదు మూడవ యాత్రయందును ఇట్టి సంఘటనమే కలదు. విల్హెల్ము గ్రిమ్ము 1857లో ఇట్టి కథలను సేకరించి ఒక వ్యాసము వ్రాసెను.

ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. అన్యదేశపు రాక్షస కథలలో పేరు మార్చి చెప్పుట సాధారణముగా నుండదు. ఆ ఉపాయము వేరొక కథకు జెందినది. ఇంగ్లాండున నార్తంబర్లాండు ప్రాంతపు కథలో, రాత్రివేళ నిదురింపని పిల్లవానితో ఆడుకొనుటకు ఒక అప్సరశిశువు పొగగొట్టము దారిని దిగి వచ్చును. పేరడుగగా పిల్లవాడు "నేనే" అని చెప్పును. నిప్పురవ్వ పడి శిశువు కాలు కాలగా, పైనుండి తల్లి యెవరు కాల్చిరని యడుగును. "నేనే" అను సమాధానము విని, అట్లయిన ఏడుపెందు కని ఆ తల్లి బిడ్డను గద్దించును. ఈ రెండు కథలను గలిపి యొకటిగా గూర్చుటలోనే హోమరు కావ్యపు నేర్పు గలదని పండితుల యభిప్రాయము.

జేసను బంగారు ఉన్నిని దెచ్చుటకై ఆర్గో యను ఓడపై కొల్కిసు దేశమునకు బోయెను. ఆ దేశపు రాజు ఏయిటీసు వానికి అసాధ్యమైన పనులను బెట్టెను. నిప్పులు గ్రక్కు ఎడ్లను కాడికి గట్టి దున్నవలెను, సర్పదంతములను విత్తవలెను, వానినుండి మొలచు ఆయుధపాణులను గెలువవలెను. రాజకుమార్తె మెడియా వానిని బ్రేమించి, ఒడలికి బూసికొనుటకు మందు నిచ్చి, ఉపాయములను జెప్పెను. ఆమె చెప్పినట్లు జేసను భటుల నడుమ నొక రాయి విసరగా, వారు ఒకరి నొకరు అనుమానించి తమలో తామే కొట్టుకొని చచ్చిరి. గ్రిమ్ము కథలలో "ధైర్యశాలియగు దర్జీ" కూడ ఇట్లే చేయును. చెట్టెక్కి, క్రింద నిద్రించు ఇద్దరు మహాకాయులపై రాళ్లు వేసి, ఒకని మీద మరియొకనికి గోపము పుట్టించి, ఇద్దరిని జంపించును.

మెడియా జేసనుతో బారిపోయెను. తండ్రి వెంటాడెను. రుష్యాదేశపు కథలో బాబా యాగా యను మంత్రగత్తె తరుముచుండగా, చిన్నది దువ్వెనను వెనుకకు విసరును. అది దట్టమైన అడవి యగును. తుండుగుడ్డను విసరును, అది మహానది యగును. వెంటాడువారికి ఆలస్యము గలుగును. గ్రీకు గాథలోను ఇదే యుపాయము కలదు. కాని అందు వెనుకకు విసరబడినది దువ్వెన కాదు. ఒక పాఠమున, మెడియా తన తమ్ముడు అప్సిర్టసును జంపి, వాని యవయవములను సముద్రమున వైచెను. కొడుకు దేహమును ఏరుకొనుటకై తండ్రి యాగిపోయెను. ఉపాయ మొక్కటియే, కాని జానపద కథలో దాని వెల ఒక దువ్వెన, గాథలో ఒక ప్రాణము.

ఇక తెలుగు వారికి మిక్కిలి పరిచితమైన కథాంశ మొకటి కలదు. మాయల మరాఠీ యనియు, మాయల ఫకీ రనియు పిలువబడు మాంత్రికుడు బాలనాగమ్మను ఎత్తుకొనిపోవును. వానిని ఏ కత్తియు జంపజాలదు. ఏలయన వాని ప్రాణము వాని దేహమున లేదు. అది ఏడు సముద్రముల కావల నున్న చిలుకలో నున్నది. బాలనాగమ్మ కుమారుడు ఆ చిలుకను సాధించి, మాంత్రికుని గూల్చి, తల్లిని విడిపించును. బుర్రకథగా, నాటకముగా ఊరూర బ్రదర్శింపబడిన ఈ కథ 1942లో చలనచిత్రముగాను వచ్చెను. 1868లో మేరీ ఫ్రియరు ప్రచురించిన దక్కను దేశపు కథల గ్రంథమున మొదటిది ఇట్టిదే. అందు మాంత్రికుని పేరు పంచ్‌కిన్. ఏడుగురు రాజపుత్రికలలో వాడు ఎత్తుకొనిపోయిన కడగొట్టు కూతురి పేరు బాల్నా! రుష్యాదేశమున కోష్చేయి యను వాని ప్రాణము గ్రుడ్డులో నుండును. గ్రుడ్డు బాతులోను, బాతు కుందేలులోను, కుందేలు పెట్టెలోను ఉండును.

దేహము వెలుపల దాచిన ప్రాణము గ్రీకు గాథలలోను గలదు. కాని అది రాక్షసుని ప్రాణము కాదు, వీరుని ప్రాణము. మెలియాగరు పుట్టిన ఏడవ దినమున విధిదేవతలు వచ్చి, పొయ్యిలోని ఒక కొరవిని జూపి, అది కాలి బూడిద యగువరకే ఈ బిడ్డ బ్రతుకు నని చెప్పిరి. తల్లి అల్థియా వెంటనే ఆ కొరవిని ఆర్పి, పెట్టెలో దాచెను. మెలియాగరు పెద్దవాడై, కాలిడోను దేశమును బాడుచేయుచున్న మహావరాహమును జంపెను. మొదటి దెబ్బ కొట్టినది అటలాంటా యను వేటకత్తె. కావున వరాహచర్మమును ఆమెకు బహూకరించెను. మేనమామలు దానిని లాగికొనగా, కోపమున వారిని జంపెను. తమ్ముల మరణవార్త విని అల్థియా దుఃఖమున వివశురాలై, దాచిన కొరవిని దీసి అగ్నిలో వైచెను. అది కాలిపోవుచుండగా మెలియాగరు ప్రాణము విడిచెను. తరువాత ఆ తల్లియు బ్రతుకలేదు.

ఇచ్చటనే జానపద కథకును పురాణగాథకును గల భేదము స్పష్టమగుచున్నది. భూతము చచ్చుటతో అవ్వ కథ ముగియును. గ్రీకుగాథ అచ్చట ఆగదు. వీరుడు ఇంటికి వచ్చిన తరువాత ఏమైనదో అది చెప్పును. పెర్సియసు మెడూసాను జంపి, భూతమును జంపి, తల్లిని రక్షించెను. తరువాత లారిస్సా నగరమున జరిగిన క్రీడలలో అతడు విసరిన చక్రము తగిలి ఒక వృద్ధుడు మరణించెను. ఆ వృద్ధుడు తాత అక్రీసియసే. తెలియక చేసిన హత్యయైనను, పెర్సియసు సిగ్గుపడి ఆర్గాసు సింహాసన మెక్కక, దానికి మారుగా టిరిన్సు రాజ్యమును గైకొనెను. ఒడిస్సియసు ఓడ యెక్కి తప్పించుకొని పోవుచు, ఊరకుండలేక తన నిజమైన పేరును గట్టిగా జాటుకొనెను. పేరు తెలిసినందున పాలిఫీమసు తన తండ్రియగు సముద్రదేవుని బ్రార్థించి శాపము పెట్టించెను. అనుచరు లందరిని గోల్పోయి, యుద్ధమైన పది సంవత్సరములకు ఒడిస్సియ సొక్కడే ఇల్లు చేరెను. పేరు దాచిన బుద్ధి ప్రాణమును నిలిపెను. పేరు చాటిన గర్వము పరివారమును బలిగొనెను.

థీసియసును ఇట్టివాడే. ఆథెన్సునుండి ఏడుగురు యువకులును, ఏడుగురు కన్యలును క్రీటు ద్వీపమునకు బోయి, ఎద్దుతల గల మినోటారునకు ఆహారము గావలసి యుండెను. థీసియసు వారితో బోయి, రాజకుమార్తె అరియాడ్నే యిచ్చిన దారపుండ సాయమున చిక్కుదారుల భవనమున మినోటారును జంపి తిరిగివచ్చెను. కాని తనను రక్షించిన అరియాడ్నేను నక్సోసు ద్వీపమున విడిచిపెట్టెను. గెలిచినచో తెల్లని తెరచాప నెత్తెదనని తండ్రికి జెప్పిన మాటను మరచెను. నల్లని తెరచాపను జూచి తండ్రి ఏజియసు దుఃఖమున ప్రాణత్యాగము చేసెను. జేసనుకూడ తనకు మేలుచేసిన మెడియాను విడిచి, కోరింతు రాజకుమార్తెను బెండ్లాడబోయెను. దాని ఫలిత మెంత ఘోరమో యురిపిడీసు మహాకవి క్రీ.పూ. 431లో బ్రదర్శింపబడిన తన నాటకమున జూపెను.

ఇన్ని దేశములలో ఒకే కథ యెట్లు వెలసినదను ప్రశ్న పండితులను జిరకాలము కలవరపెట్టెను. కథలలో బెక్కులు భారతదేశమునుండి పడమటికి బ్రయాణము చేసినవని 1859లో బెన్ఫీ పండితుడు వాదించెను. మానవుల భయములును కోరికలును ఎల్లెడల నొక్కటియే గనుక కథలును వేరువేరుగా పుట్టియుండవచ్చునని ఆండ్రూ లాంగు మొదలగువారు చెప్పిరి. హార్టులండు 1894–1896లలో పెర్సియసు కథ నొక్కదానిని గూర్చియే మూడు సంపుటములు వ్రాసెను. 1910లో ఫిన్లండు పండితుడు ఆంట్టీ ఆర్నే కథలకు సంఖ్యల నేర్పరచెను. అమెరికా పండితుడు స్టిత్ థాంప్సను 1928లోను, 1961లోను దానిని బెంచెను. ఆ పట్టికలో భూతమును జంపి కన్యను గాచు కథ 300వది. దాచిన ప్రాణము కథ 302వది. మెడియా వంటి కన్య సాయపడు కథ 313వది. కన్ను పొడువబడిన రాక్షసుని కథ 1137వది. ఒక్కొక్క కథ యెచ్చట పుట్టి, యెచ్చటికి బోయినదో విడివిడిగా విచారింపవలె ననునదియే నేటి పండితుల మార్గము.

కథల పుట్టుక యెట్లున్నను, వాని బోధ స్పష్టము. రెండు విధముల కథలును ఒకమాట చెప్పును: భూతమును గూల్చునది కండబలము మాత్రము కాదు, ఉపాయము, సమయస్ఫూర్తి, ఇతరుల సాయము. గాథలు దానికి మరియొకమాటను జేర్చును: సాయపడినవారిని మరువరాదు, ఇచ్చిన మాటను దప్పరాదు, గెలుపున నోరు జారరాదు. మెడూసా చచ్చుట ఒక్క దెబ్బతో నయ్యెను. గర్వమును, మరపును, కోపమును మాత్రము వీరుడు బ్రతికినంతకాలము గెలుచుచునే యుండవలెను.

చలికాలపు సాయంకాలములలో ఉత్తరపు వైపున ఆకసమును జూచినచో కాసియోపియా, పెర్సియసు, ఆండ్రోమెడా అను నక్షత్రమండలములు దగ్గరదగ్గరగా గానవచ్చును. పెర్సియసు మండలమున మెడూసా తలగా భావింపబడు ఆల్గోలు అను నక్షత్రము సుమారు 2 దినముల 21 గంటల కొకసారి కాంతి తగ్గి, మరల వెలుగును. ఒక నక్షత్ర మింకొకదాని ముందునకు వచ్చుటయే దానికి కారణము. కారణ మెరిగిన పిమ్మటను, ఆ తలను సంచిలో మోసికొని వచ్చిన యువకుని కథ వినుటకు పిల్లలకు వేడుక తగ్గదు.

ప్రశ్నలు

1. పురాణగాథకును జానపద కథకును గల ముఖ్యభేద మెట్టిది? ఇద్దరు వీరుల కథల నాధారముగా వివరింపుడు.
2. బాలనాగమ్మ కథకును మెలియాగరు కథకును గల పోలికను, భేదమును దెలుపుడు.
3. ఒడిస్సియసు ఒకసారి పేరును దాచి, మరియొకసారి చాటెను. వాని ఫలితము లెవ్వి?
4. మీ యింట పెద్దలు చెప్పిన రాక్షసుని కథ నొకదానిని వ్రాసి, దానిని ఏ గ్రీకుగాథతో బోల్పవచ్చునో చెప్పుడు.